బుట్ట అందినట్టు ఫొటో

ఆమె మెట్లెక్కుతోంది. ఒక్కో అంగకి రెండేసి.

లిఫ్ట్ కోసం ఆగే టైమ్ లేదు!

చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. పళ్ళ బుట్ట ఆర్డరిచ్చిన నంబర్ నుంచి మెసేజ్. ఆర్డరిచ్చినవాడు ఎవరికో పంపబోయి ఆమెకే పంపేశాడు...

‘వాడే. గేటు దాకా వచ్చేశాం. ఇవాళే ముగించేస్తాం.’

ఇందాక ఆ బుట్ట ఇచ్చి వచ్చింది తనే. పైనాపిల్‌ని పువ్వుల్లా కోసి, పుల్లలకి ద్రాక్షపళ్ళు గుచ్చి, ముచ్చటపడి కట్టిన బుట్ట. తలుపు తీసినాయన ఫొటో వద్దన్నాడు. అందినట్టు ఫొటో పంపకపోతే షాపు ఓనర్ ఊరుకోడని ఆమే బతిమాలింది. చంటిబిడ్డ తల్లినని చెప్పుకుంది. ఆయన మెత్తబడ్డాడు. పైనాపిల్ చాటున మొహం దాచుకుంటే... ‘కాస్త పక్కకి జరుగన్నా’ అంది కూడా!

క్లిక్. ఆ నంబర్‌కే సెండ్.

నాలుగో అంతస్తు. దబదబా తలుపు బాదుతుంది.

గుమ్మంలోనే అంతా చెప్పేస్తుంది. ఆయన తిట్టడు. తిట్టినా బావుండేది. తను పనిచేసే చోట యజమాని చేసిన హత్యని ఆయన కళ్ళారా చూశాడట. రేపు కోర్టులో సాక్ష్యమట. పోలీసులకి ఫోన్ చేస్తాడు. బయల్దేరామంటారు.

చేరేదెప్పుడు?

ఆయన లోపలికెళ్ళి మూడేళ్ళ కూతుర్ని ఎత్తుకొస్తాడు. తల్లి లేని పిల్ల. మూతి నిండా స్ట్రాబెర్రీ రసం.

“వాళ్ళకి నా మొహమే తెలుసు. పాపని నీ కూతుర్లా తీసుకుపో, చెల్లెమ్మా.”

“మీరూ రండన్నా...”

“నేనొస్తే ముగ్గురం పోతాం.”

తలుపు మూసుకుంటుంది.

ఆమె దిగుతోంది. పాప చంకలో.

రెండో అంతస్తు మలుపు...

ఎదురుగా ఒకడు! చొక్కా కింద, నడుం దగ్గర, ఎత్తుగా ఏదో.

ఆమె వేసుకున్న షాపు ఏప్రన్ చూసి ఆగుతాడు. ఫొటో భలే తీశావంటాడు. పెళ్ళిచూపులకి పంపొచ్చట. బిడ్డని వేసుకుని తిరుగుతున్నావేమని కూడా అడుగుతాడు.

“ఇంట్లో చూసేవాళ్ళు లేరండీ.”

ఆమె నాలుక దానంతటదే కదులుతోంది. ఆ నాలుగో అంతస్తాయన ఫొటో తీశాక కంగారుపడ్డాడని, టెర్రస్ ఎక్కి పక్క బిల్డింగ్ మీదికి దూకేశాడని చెబుతుంది.

వాడి మొహం మాడిపోతుంది. ఫోన్ తీసి, కిందున్న మనిషిని పక్క బిల్డింగ్ చూడమంటాడు.

వెనక్కి తిరుగుతాడు.

నమ్మాడు!

ఒక మెట్టు దిగుతాడు. రెండు. పాప తననే చూస్తుంటే ఆగి, బుగ్గ గిల్లుతాడు. ఊరికే. పిల్లల్ని అందరూ అడిగేదే.

“ఏం బుజ్జీ, నాన్నేడీ?”

పాప వేలు పైకి లేస్తుంది.

“తలుపు వెనకాల దాక్కున్నాడు.”

వాడి చెయ్యి బుగ్గ మీదే ఆగిపోతుంది. ఆమె మొహంలోకి చూస్తాడు. తర్వాత పైకి.

ఆమెని గోడకేసి నెట్టి, పరిగెత్తుతాడు.

ఆమె అరుస్తుంది.

పాపని గుండెకి అదుముకుంటుంది. దాని రెండు చెవులూ గట్టిగా మూస్తుంది.

ఢాం!