కొట్టే ముందు అర క్షణం

తన కొంప ముంచింది బావమరిదేనని లేత్ మేస్త్రీకి గట్టి నమ్మకం. ఊరంతా ఫ్లాష్ అని పిలిచే ఆ ఫోటోగ్రాఫర్, మేస్త్రీ కూతురు నాలుగో తరగతిలో ఉండగా, తన స్టూడియోలో మూలపడ్డ కంప్యూటర్ తెచ్చి ఈ ఇంట్లో పెట్టిపోయాడు. అందులో ఒక తుపాకీ ఆట. తెర మీద చేతులూ తుపాకీ తప్ప మనిషి కనపడడు. ఆ చేతులు మనవే అనుకోవాలి. అప్పుడు ఆ గదిలో దూరిన పిల్ల మళ్లీ బయటికి రాలేదు. చదువూ దాని మీదే చదివింది, ఉద్యోగమూ అందులోనే తెచ్చుకుంది. ఏడో తరగతిలో బడి మానేసి లేత్ మిషన్ మీద ఇనుముతో కుస్తీ పట్టి పెంచిన తండ్రికి, మా అమ్మాయి ఆటల్లో శత్రువుల్ని తయారు చేస్తుందని నలుగురిలో చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుండేది.

ఇప్పుడా కూతురు ఇల్లు విడిచి పోతానంటోంది. ఆఫీసు దగ్గర గది చూసుకుంది, ఆదివారం సామాను తీసుకుపోతుంది. పెళ్లీ కాదు, బదిలీ కాదు. ఉన్న ఇల్లు ఉండగా ఆ గది ఎందుకని అడిగితే నేల చూపులు చూస్తుంది. గురువారం పొద్దున టీ తాగుతూ మేస్త్రీ భార్య దగ్గర ఇదే ఎత్తాడు. అంతా నీ తమ్ముడు పెట్టిన చిచ్చే అన్నాడు. ఆమె ఎప్పటిలాగే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

అంతలో కూతురు దిగాలుగా గదిలోంచి వచ్చింది. మధ్యాహ్నంలోగా కొత్త ఆటను ఎవరిచేతనైనా ఆడించి ఆఫీసుకు రిపోర్టు పంపాలి. ఆడేవాళ్లు జన్మలో ఇలాంటి ఆట ముట్టనివాళ్లయి ఉండాలి. వస్తానన్న పక్కింటి టైలరమ్మ జ్వరంతో పడుకుందట.

"మీ నాన్న ఉన్నారుగా," అంది తల్లి. "టీవీ రిమోటే తిరగేసి పట్టుకుంటారు. అంతకంటే తెలియనివాళ్లు ఎక్కడ దొరుకుతారే?"

"కూర్చుంటాను గానీ," అన్నాడు మేస్త్రీ, "అది అయ్యాక ఆ గది సంగతి తేల్చాలి."

ఆ పరీక్షకు ఒకటే నియమం. ఆడేవాడికి సాయం చెయ్యకూడదు. తయారు చేసినవాళ్లు వెనక కూర్చుని, నోరు కుట్టుకుని, ఎక్కడ తడబడ్డాడో రాసుకోవాలి.

మొదటి పది నిమిషాలూ మేస్త్రీ ఆకాశాన్ని కాల్చాడు. వెంట్రుకవాసి తేడా పట్టే చెయ్యి కావడంతో మౌస్ తర్వాత మెల్లగా లొంగింది. ముందు వచ్చిన శత్రువులు ఒక్క గుండుకే పడిపోయే రకం. వాళ్లని తుపాకీకి మేత అంటారని కూతురు ఎప్పుడో చెప్పింది. జీతానికి వచ్చిన వెధవలు పాపమని మేస్త్రీ జాలిపడ్డాడు. తర్వాత తుపాకీని లెక్కచెయ్యకుండా మీదికి ఉరికేవాళ్లు. ఆపైన మేడ మీద నక్కి గురిపెట్టేవాడు; వాడి ఎర్ర చుక్క గుండె మీద పడిందంటే దాక్కోవాలి. వీడు మా ఇంటి ఓనరే అన్నాడు. ముందు నుంచి ఎన్ని గుళ్లు కాల్చినా చలించని డాలువాణ్ణి చూసి, అచ్చం మీ మామయ్యే, సిగ్గూ ఎగ్గూ లేవు అన్నాడు. వెనక నుంచి ఎవరో పడ్డవాళ్లకి మందేసి లేపుతుంటే, ముందు ఆ మందులవాణ్ణి వేసెయ్యాలని తనంతట తనే కనిపెట్టాడు. కూతురు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. చాలా ఏళ్లకు తండ్రి పక్కన కాసేపు హాయిగా ఉందామెకు.

చివర్లో, కప్పు కూలిన ఫ్యాక్టరీలో, వాళ్లందరికీ పెద్దవాడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఒక్క దెబ్బకు మేస్త్రీ చచ్చాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ చచ్చాడు. ఆరుసార్లు చచ్చాక మౌస్ బల్లకేసి కొట్టాడు.

"ఇది అన్యాయం. వాడు పోట్లాట ఆపి ఏదో సర్దుకుంటున్నాడు కదా అని నేను ఆగితే, ఉన్నట్టుండి కొడతాడేంటి?"

కూతురు అది కూడా రాసుకుంది.

ఏడోసారి ఆడుతుండగా భార్య మంచినీళ్లు తెచ్చింది. ఆ తెర వైపు ఆమె ఎప్పుడూ చూసింది లేదు. పెద్దవాడు అరుపులు ఆపాడు. ఎడమ మణికట్టుకున్న ఇనప కడియం విప్పి, పగలకూడని వస్తువులా మెల్లిగా గోడ మీద పెట్టాడు.

"జరగండి," అందామె. "ఇప్పుడు కొడతాడు."

కొట్టాడు. మేస్త్రీ చచ్చాడు. నీకెలా తెలుసని అడిగితే ఏదో అనిపించిందంది. ఎనిమిదోసారీ సరిగ్గా అక్కడే చెప్పింది. ఈసారి ఆయన పక్కకు జరిగాడు, దెబ్బ తప్పింది. కానీ సంతోషం కలగలేదు. తల్లీకూతుళ్లు ముందే మాట్లాడుకుని తనని వెర్రివెంగళప్పను చేస్తున్నారనిపించి ఒళ్లు మండింది. లేచి భార్య వైపు తిరిగాడు. వేళ్లు వాటంతట అవే చేతి గడియారం పట్టీ మీదికి పోయాయి.

తిరిగే లేత్ దగ్గర చేతికి గడియారం ఉంటే మిషన్ చెయ్యి లాగేస్తుంది. అందుకని పని ముట్టుకునే ముందు అది తీసి బల్ల మీద పెట్టడం ఆయనకు ముప్పయ్యేళ్ల అలవాటు. ఇంట్లో కూడా, చెయ్యి చేసుకునే ముందు.

గడియారం బల్లను తాకిన చప్పుడుకి భార్య తలుపు వెనక్కి అడుగు వేసింది. కూతురి కుర్చీ అడుగున్నర పక్కకు దొర్లింది. ఇద్దరూ ఆలోచించి చేసింది కాదు. తెర మీద పెద్దవాడు మళ్లీ కడియం విప్పుతున్నాడు.

మేస్త్రీ తెరని చూశాడు, గడియారాన్ని చూశాడు. కూతురి వైపు తిరిగాడు.

"నన్నే పెట్టావా ఇందులో?"

"లేదు నాన్నా." ఆమె మొహం పాలిపోయింది. "శత్రువు ఎవడైనా కొట్టే ముందు అర క్షణం గుర్తు చూపించాలి. లేకపోతే ఆడేవాళ్లు విసిగి ఆట వదిలేసి పోతారు. వీడికి ఏం గుర్తు పెట్టాలా అని ఆలోచిస్తే నాకదే తట్టింది. కొట్టేవాళ్లు ఎవరైనా అలాగే చేస్తారనుకున్నాను."

ఆ చివరి మాటకి మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు.

అప్పుడు భార్య, తలుపు దగ్గర నిలబడే, ఎన్నడూ చెప్పనిది చెప్పింది. కంప్యూటర్ తమ్ముడు తెచ్చి పడేసింది కాదు, తనే అడిగి తెప్పించింది. చెవులకు పెట్టుకునేది కూడా తప్పకుండా తెమ్మంది, పిల్లకు ఇవతలి గది వినపడకూడదని.

"నీకు ఉద్యోగం వచ్చాక నిన్నెప్పుడైనా ముట్టుకున్నానా?" అన్నాడు మేస్త్రీ కూతురితో. ఆ మాట తనకే చప్పగా వినిపించింది.

"లేదు నాన్నా. కానీ సాయంత్రం స్కూటర్ ఎలా ఆగింది, గేటు ఎలా పడింది, ఇవాళ కోపమా కాదా అని ఇప్పటికీ వింటూనే ఉంటాను. నిద్రలో కూడా. ఏమీ వినకుండా పడుకోవాలని ఉంది. అందుకే ఆ గది."

తేల్చాలన్న సంగతి తేలిపోయింది. మేస్త్రీ ఆ గది ఎన్నో అంతస్తని అడిగాడు. మూడోదంది. "సామాను నేను మోస్తాను. కూలివాణ్ణి పిలవకు," అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే ఇద్దరూ చూడనట్టు ఊరుకున్నారు.

ఆదివారం బల్లా, పరుపూ, పెట్టెలూ మూడంతస్తులూ ఆయనే ఎక్కించాడు. తల్లి కింద సామాను దగ్గర ఉంది. గది తలుపుకు లోపలి గడియ వదులుగా ఉంది. అది ఊడదీసి, సొంతంగా చేసి తెచ్చిన ఇనప గడియ బిగించడం మొదలుపెట్టాడు. గడియ నీ ఎత్తుకి సరిపోయిందో లేదో చూడమని వెనక్కి తిరిగితే, కూతురు చుట్టిన పరుపు మీద ఒరిగి నిద్రపోతోంది.

సుత్తి దెబ్బ వెయ్యడానికి సంకోచించాడు. మెల్లిగా ఒకటి వేశాడు. కూతురు కదల్లేదు. గట్టిగా వేశాడు. నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లలా పడుకునే ఉంది. కూతురు ఇంత నిద్ర పోగలదని ఆయనకు తెలియదు.

మేకులు నేల మీద పెట్టి అక్కడే గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పిల్ల ఇలా నిద్రపోవడం ఆఖరిసారి ఎప్పుడు చూశానా అని లెక్క కట్టుకున్నాడు. అప్పుడు పిల్లకి సరిగ్గా తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఇరవై నాలుగు దాటి రెండు నెలలు.

మధ్యలో పోయింది పదిహేనేళ్ల రెండు నెలలు.