నలుపు తెలుపుల్లో అక్క

అక్క పోయాక ఆ ఇంట్లో చెల్లెలు ఒక్కతే మిగిలింది. ఫోటో స్టూడియోలో ఎంతమంది మొహాలకో మెరుగులు దిద్దింది గానీ, అక్క ఫోటో గోడకి ఎక్కించడానికి మాత్రం మనసొప్పలేదు. చివరికి ఓ ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు పట్టి ఉంటే, కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద, కిటికీ పక్క కుర్చీలో ఉన్ని శాలువా కప్పుకున్న అక్క, బయటికి చూస్తూ. తనే తీసిన ఫోటో. ట్యూబ్‌లైటు వెలుతురికి మొహం పసుపు పులిమినట్టుంది.

"బ్లాక్ అండ్ వైట్ చేసి పంపమ్మా, సాయంత్రానికి ఫ్రేము కట్టేస్తా," అన్నాడు ఎదురుకొట్టు ఫ్రేముల బాబాయ్ ఫోన్లో.

ఫోటోల్ని నలుపు తెలుపు చేసేందుకు కంప్యూటర్లో కొత్తగా వేసుకున్న ప్లగ్-ఇన్ తెరిచింది. రంగులన్నీ జారిపోయాయి. ఎడమ పక్కన అదే ఫోటో రకరకాల నలుపు తెలుపుల్లో, చిన్న చిన్న బొమ్మలుగా వరస కట్టింది. నచ్చినదాన్ని నొక్కడమే.

మొదటిది మరీ వెలిసిపోయింది. రెండోది మరీ చీకటి. మూడోదాంట్లో... అక్క మెడ కాస్త ఇటు తిరిగి ఉంది.

కళ్లు నులుముకుంది. నాలుగోదాంట్లో అక్క సూటిగా తననే చూస్తోంది. ఆ కిందదాంట్లో కుర్చీ చేతులు పట్టుకుని... లేవబోతోంది.

గదిలో తడి ఉన్ని వాసన. వాన చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు.

ఇంకా కిందికి జరిపింది. ఆఖరి బొమ్మ. కుర్చీ ఖాళీ.

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరైనా ఉంటారేమో... ఎవరూ ఉండరేమో. ఏది ఎక్కువ భయమో ఆమెకే తెలీదు.

"అక్కా... వచ్చావా?"

మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలినట్టయింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో ఒకటి నొక్కి పంపేసి, చెప్పులైనా వేసుకోకుండా ఎదురుకొట్టుకి పరిగెత్తింది.

బాబాయ్ అప్పటికే ఫోటో ప్రింటు తీసి, అద్దం తుడుస్తున్నాడు.

"ఇదేంటమ్మా, అక్కదని చెప్పి నీ ఫోటో పంపావ్?"

అదే కిటికీ. అదే కుర్చీ. అందులో తనే, ఇప్పుడు ఒంటిమీదున్న బట్టల్లోనే.

"ఎవరు తీశారో గానీ భలే తీశారు," అన్నాడాయన. "ఇంట్లో ఒక్కదానివేగా ఉంటున్నావ్?"

ఫోటోలో తను, కెమెరా పట్టుకున్న మనిషిని చూసి, నోరారా నవ్వుతోంది. అక్క పోయిన దగ్గర్నుంచి ఆమె నవ్విందే లేదు.