కబురు అందేదాకా ఆగే ఊడ్పరి

హైమ నల్లచాప మీద పరీక్షధూళి చిటికెడు చల్లి మౌని అనే ఊడ్పరి యంత్రాన్ని వదిలింది. అది చాప అంచు నుంచి మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా ఉన్నదంతా పీల్చుకుని, వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగింది. ఇళ్ళకు ఊడ్పరులను ఎంపిక చేసే పనిలో ఇన్నేళ్ళున్నా ఈ దృశ్యం హైమకు మొహం మొత్తలేదు. చంద్రధూళి గాజుపొడిలా కోస్తుంది, ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్ళీ బయటికి రాదు. అలాంటిదాన్ని ఇంత మెత్తగా ఎత్తుకుపోయే యంత్రాన్ని చేసినవాళ్ళకు దండం పెట్టాలనిపించేది.

"బాగుందండి. బొత్తిగా చప్పుడే లేదు," అంది ఇంటావిడ వీరమణి.

అంతలో ఆమె కూతురు మందాకిని శిరస్త్రాణం బిగించుకుంటూ లోపలి గదిలోంచి వచ్చింది. ఆ అమ్మాయి పని ఉల్కాబిలం అంచున, మంచుగనిలో. "వెళ్ళొస్తానమ్మా," అని గడప దాటింది. బూట్లకున్న ధూళి కాస్త గడప మీద రాలింది. తలుపు మూసుకుందో లేదో, ఇళ్ళలో గాలి శుభ్రతను చూసే శ్వాసపాలిక గోడలోంచి సంకేతం పంపింది. మౌని గిరుక్కున తిరిగి గడప వైపు పరుగు తీసింది.

వీరమణి అంతకంటే వేగంగా కదిలింది. యంత్రాన్ని రెండు చేతులా ఎత్తి చంకన పెట్టుకుంది. మారాం చేసే పసిపిల్లలా అది ఇంకా చక్రాలు ఆడిస్తూనే ఉంది.

"ఆగవే తల్లీ, ఆగు! పిల్ల ఇప్పుడేగా వెళ్ళింది!"

"గడప మీద ధూళి. ఊడ్పు ఆగింది," అంది పాలిక. "ఇది తుది హెచ్చరిక. ఈరోజు ఊడ్పరి ఖరారు కాకపోతే ఈ ఇంటివారిని ఉమ్మడిశాలకు తరలిస్తాం."

ఈ ఇంట్లో ఏ ఊడ్పరీ ఎందుకు నిలవడం లేదో హైమకు అప్పుడు అర్థమైంది. "ఊడిస్తే ఏమవుతుందండీ?" అని అడిగింది.

"ఏమవుద్దో నాకూ తెలీదమ్మా. మనిషి అటు వెళ్ళగానే ఇటు ఇల్లు ఊడిస్తే, ఇంక రావద్దన్నట్టు ఉంటది. చేరానని కబురొచ్చేదాకా మా అమ్మ చీపురు ముట్టేది కాదు. నేనూ ముట్టను."

"ఇల్లు పోతుంది కదా."

"పోతే పిల్లకంటూ ఓ గది ఉండదు. గనిలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి, ఆ శాలలో అంతమంది మధ్య ఎలా పడుకుంటదో అని నాకూ గుబులేనండి." వీరమణి చంకలోని యంత్రాన్ని సర్దుకుంది. "కానీ దాని అడుగుజాడలు నా ఇంట్లో వెంటనే తుడిచేస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

హైమకు కోపం రాలేదు. ధూళి అంటే ప్రాణం మీదికి వచ్చినట్టు వణికే ఈ ఆవాసంలో, అందులో కూతురి అడుగులు చూసిన మనిషి ఆమెకు ఇంతవరకు తారసపడలేదు. లోలోపల గౌరవం కలిగింది.

ఆమె మౌనిని అందుకుని ఆపేసి, తను తెచ్చిన బండి అడుగు నుంచి పొడుగాటి చేతి ఊడ్పరి ఒకటి తీసింది. దాని శక్తి దాని ఒంట్లోనే ఉంది. గోడతో దానికి తీగా లేదు, సంకేతమూ లేదు. మీట నొక్కితే పీలుస్తుంది, వదిలితే ఊరుకుంటుంది. ఎంత తూకంగా చేశారంటే, వీరమణి అందుకుని ఆశ్చర్యపోయింది.

"చీపురంత తేలిగ్గా ఉందే!"

"ఈ ఇంటికి ఇది," అంది హైమ గోడతో.

"అది గోదాములకు మాత్రమే. సంకేతం అందుకోదు. ఊడ్పు ఎప్పుడు మొదలవుతుంది?"

"ఆవిడ ఊడ్చినప్పుడు."

పాలిక తన నియమాలన్నీ తిరగేసింది.

"ఆలోగా ధూళి హద్దు దాటితే?"

"నా ఎంపిక, నాదే పూచీ. దాటితే ఈ పనికి నాకున్న అనుమతి తీసేసుకో."

హైమ తన గుర్తింపు బిళ్ళను గోడకు ఆనించింది.

"కొత్త స్థితి అంగీకరించబడింది: వేచి ఉంది," అంది పాలిక.

ఒక ఇంటికి ఒప్పుకున్న స్థితి అన్ని ఇళ్ళకూ తెరుచుకుంటుంది. పాలిక నిర్మాణమే అంత. అది తెలిసే హైమ బిళ్ళ ఆనించింది.

ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. చాలాసేపటికి గోడలోంచి మందాకిని గొంతు వినిపించింది. "చేరానమ్మా." వీరమణి గుండెల నిండా ఊపిరి తీసుకుని లేచి మీట నొక్కింది. గడప గాడిలోకి ముక్కు దూర్చి, తలుపు మూలలు తడిమి, ఎక్కడా వదలకుండా ఊడ్చింది. ధూళిమాపకం పచ్చగా వెలిగింది. ఇంత ముచ్చటగా ఊడ్చే మనిషిని చూసి హైమ కళ్ళు చెమర్చాయి.

ఆమె బండి తోసుకుంటూ నడవలోకి వచ్చింది. వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఎన్నడూ ఆజ్ఞాపించడమే తప్ప ఎరగని పాలిక, లోపల అడుగుతోంది.

"హైమగారు వెళ్ళారు. ఊడుస్తారా, ఆగుతారా?"

"అప్పుడేనా? ఆవిడ చేరనీ," అంది వీరమణి.

నడవ పొడుగునా, మనుషులు పనులకు బయలుదేరుతున్న ఒక్కో గుమ్మం వెనకా అదే ప్రశ్న వినిపిస్తోంది. కొందరు వెంటనే ఊడ్చెయ్యమన్నారు. కొందరు కబురు వచ్చేదాకా ఆగమన్నారు.

హైమ చివరి ఇంటి ముందు బండి ఆపింది. తలుపు తట్టకముందే, చేరానని వీరమణికి కబురు పంపింది.