రెక్కలూపని విమానం

విమానం తోక తెగింది. మంటలు రేగాయి. తెర మీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి.

"సొంత జట్టు కాల్పులు."

కూలింది కెప్టెన్ విమానం. కాల్చింది అతని సొంత చెల్లెలు.

అది ఆన్‌లైన్‌లో ఆడే విమానయుద్ధం. కూలినవాళ్లెవరూ చావరు. కానీ సెమీఫైనల్ పోయింది. కావాలనే కాల్చినట్టు తేలితే ఆ అమ్మాయిని లీగ్ నుంచి శాశ్వతంగా బహిష్కరిస్తారు. చదువు మధ్యలో ఆపేసి ఈ ఆటనే నమ్ముకున్న పిల్ల.

మర్నాడు లీగ్ విచారణాధికారి గేమింగ్ సెంటర్ మెట్లెక్కింది. ఒకప్పుడు సైబర్ పోలీసుల్లో పనిచేసిన మనిషి.

లోపల మూడు ప్లైవుడ్ క్యాబిన్లు. ఒక్కోదానికి ఒక తలుపు. హెడ్‌సెట్ పెట్టుకుంటే పక్క క్యాబిన్లో పిడుగు పడ్డా వినపడదు.

నలుగురూ ఎదురుచూస్తున్నారు. కెప్టెన్. అందరూ పిచ్చుక అని పిలిచే అతని చెల్లెలు. మేస్త్రి అని పిలిచే మూడో ఆటగాడు. సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్.

"కాల్చింది నువ్వేనా?"

"నేనే మేడం," అంది పిచ్చుక.

"ఎందుకు?"

"శత్రువనుకున్నాను."

"అనుకుందట!" కెప్టెన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "కెప్టెన్సీ తనకిమ్మని నిన్న పొద్దున నాతో పెద్ద గొడవ మేడం. కావాలనే కాల్చింది."

పిచ్చుక అన్న ముఖంలోకి చూసింది.

"గొడవ నిజమేనా?"

"నిజమే," అన్నాడు మేస్త్రి. "కానీ వీళ్లు ఫ్యాను ఎటు తిప్పాలన్నా కొట్టుకుంటారు మేడం. పోట్లాడుకోకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని నాకు కంగారు."

"ఈ రౌండులో విమానాల మీద పేర్లుండవు. రెండు జట్లవీ ఒకే రకం. మనవాణ్ణి ఎలా పోల్చుకుంటారు?"

"మాకో అలవాటుంది," అన్నాడు మేస్త్రి. "అనుమానమొస్తే 'ఎవరు?' అంటాం. మనవాడైతే రెక్కలు అటూ ఇటూ ఊపుతాడు. నిద్రలో లేపి అడిగినా చెయ్యి ఊగిపోతుంది."

"నోటితో చెప్పొచ్చుగా?"

"'నేనే' అంటే ఏ విమానం అన్నట్టు మేడం? రెక్కయితే కళ్లకి కనిపిస్తుంది."

మెకానిక్ మంచినీళ్లు తెచ్చాడు. కెప్టెన్ ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి జాకెట్ జేబులోంచి బయటికి రాలేదు.

"మ్యాచ్ టైములో నువ్వెక్కడున్నావు?" మెకానిక్‌ని అడిగింది.

"వైరు లూజంటే కెప్టెన్ గారి క్యాబిన్లోకెళ్లా మేడం. బిగించి వచ్చేశా."

ఆమె మ్యాచ్ రికార్డింగ్ ఆన్ చేసింది.

"ముందున్నదెవరు?" పిచ్చుక గొంతు.

"ఊపు! ఊపు!" కెప్టెన్ గొంతు.

పిచ్చుక విమానం రెక్కలూపింది. ముందున్న విమానం చలనం లేకుండా సాగిపోయింది. ఆ తర్వాతే గన్ పేలింది.

"నువ్వెందుకు ఊపావు?"

"అన్నయ్య ఊపమన్నాడుగా. ఎక్కడో వెనకుండి నన్నే పోల్చుకోలేకపోతున్నాడనుకున్నా. ఊపాను. ముందున్నది ఊపలేదు. ఇంక మనవాడు కాడనుకున్నాను."

"నాటకం మేడం," అన్నాడు కెప్టెన్. "మంచిదానిలా రెక్కలూపి వెన్నుపోటు పొడిచింది."

అధికారిణి రికార్డింగ్ మళ్లీ వేసింది. మళ్లీ విన్నది. ఆపేసి కెప్టెన్ వైపు చూసింది.

"ఆ ముందున్న విమానం మీదే. ఊపాల్సింది మీరే. విమానం నడిపే స్టిక్ చేతిలో ఉన్నవాడు ఊపేస్తాడు. మీరు 'ఊపు, ఊపు' అని ఎవరికి చెప్పారు?"

ఫ్యాను కిర్రుమంటోంది.

"మీ పక్కనున్నవాడికి. స్టిక్ అతని చేతిలో ఉంది. మీ జట్టు అలవాటు అతనికి తెలియదు."

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. అతను ట్రే పక్కన పెట్టేశాడు.

"స్టిక్కులు టెస్ట్ చేసి చేసి నడపడమైతే వచ్చు మేడం," అన్నాడు. "ఈ ఊపుడు సంగతి నాకెవరు చెప్పారు? స్టిక్ ఊపాలా, తల ఊపాలా అనుకునేలోగా కాలిపోయాం."

అధికారిణి ఒక స్టిక్ తెచ్చి కెప్టెన్ ముందు పెట్టింది.

"ఇప్పుడు ఊపండి."

చాలాసేపటికి కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. మణికట్టు వాచి ఉంది. వేళ్లు స్టిక్ చుట్టూ ముడుచుకున్నాయి. పట్టు చాలక జారిపోయాయి.

"కొన్నాళ్లుగా ఇంతే," అన్నాడు నేలవైపు చూస్తూ. "చెబితే నన్ను తీసేస్తారు."

"పొరపాటున కాల్చిందంటే, మీరెందుకు ఊపలేదని అడుగుతారు. కావాలని కాల్చిందంటే ఎవరూ అడగరు. అంతేగా?"

అతను చెయ్యి మళ్లీ జేబులో దాచుకున్నాడు.

"పిచ్చుకా, నీ మీద కేసు లేదు," అంది అధికారిణి. "కానీ కెప్టెన్ తన బదులు బయటివాణ్ణి కూర్చోబెట్టాడు. ఈ జట్టు రద్దవుతుంది."

మేస్త్రి తల పట్టుకుని కూలబడ్డాడు. పిచ్చుక తన క్యాబిన్లోకి వెళ్లి హెడ్‌సెట్ తెచ్చుకుంది. వైరు నెమ్మదిగా చుట్టి సంచిలో వేసుకుంది. మెట్ల వైపు నడిచింది.

"చెల్లీ."

ఆమె ఆగి వెనక్కి చూసింది.

అన్న వాచిన చెయ్యి పైకెత్తాడు. నొప్పికి పెదవి కొరుక్కుంటూ అరచేతిని అటూ ఇటూ ఊపాడు.

పిచ్చుక ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. కళ్లు తడిశాయి.

"నిన్న 'ఎవరు?' అని అడిగాను అన్నయ్యా," అంది. "ఇవాళ అడగలేదు."

మెట్లు దిగి వెళ్లిపోయింది.