మబ్బు పాట

హాల్లో స్పీకర్లు రెండుసార్లు కీచుమని అరిచి, చివరికి దారికొచ్చాయి. ఇసక్కిరాజా సార్ లాప్‌టాప్ మీద వేలు నొక్కగానే దేవిప్రియ పాట మొదలైంది. డప్పు దరువు, దాని మీద ఆమె గొంతు.

"మబ్బా మబ్బా ఈడ రామాకు,
మా పాప జడ ఇంకా ఆరలే..."

తమిళనాడులోని ఆ కోవిల్‌పట్టి స్కూల్లో తెలుగు తెలిసిన పిల్లలు ఏడెనిమిది మందే. వాళ్ళకూ ఇంట్లో మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. అయినా హాలంతా కాళ్ళతో తాళం వేసింది. పాట అయ్యాక తెరమీద తమిళంలో అక్షరాలు వచ్చాయి. 'పాట, సంగీతం: దేవిప్రియ, ఏడో తరగతి.'

సార్ మెచ్చుకున్నారు. ఆదివారం స్కూల్ వార్షికోత్సవంలో సొంతంగా కట్టిన పాటకిచ్చే బహుమతి ఆమెకే అన్నారు. బహుమతి ఇచ్చేటప్పుడు వాళ్ళ అమ్మనో నాన్ననో కూడా స్టేజీ మీదికి పిలుస్తామన్నారు.

దేవిప్రియకు కావలసింది ఆ చివరి మాటే. బహుమతిలో ఏముంది, ఏటా అదే స్టీలు డబ్బా. అమ్మ ముత్తుప్పేచ్చి విరుదునగర్ దగ్గర నూలు మిల్లులో పనిచేస్తుంది. అక్కడే హాస్టల్లో ఉంటుంది. నెలకోసారి వస్తే వచ్చినట్టు. స్టేజీ మీదికి పిలుస్తున్నారంటే మిల్లువాళ్ళు మాత్రం సెలవు ఇవ్వకుండా ఉంటారా అని ఈ పిల్ల ఆశ.

ఇంతకీ ఆ పాట అమ్మదే. ఇంటి దగ్గరున్న రోజుల్లో అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు ఎండబెట్టేది. మబ్బు పడితే పుల్లలు ఆరవు. అందుకని మబ్బును పొమ్మని తనే ఒక పాట కట్టింది. శుక్రవారం తలంటి పోసిన రోజు అదే పాటలో పుల్లలన్న మాట తీసేసి పాప జడ అని పెట్టేది. వాన కోసం ఊరంతా మొక్కుతుంటే నువ్వు మబ్బును పొమ్మంటావా అని అవ్వ మాయక్కాళ్ తిట్టేది. మిల్లుకు వెళ్ళాక అమ్మ టీ విరామంలో ఆ పాట పాడి వాయిస్ మెసేజ్ పంపేది. దేవిప్రియ దాన్ని రోజుకు పదిసార్లు వినేది. విన్న ప్రతిసారీ తలలో అమ్మ వేళ్ళు తిరుగుతున్నట్టే ఉండేది.

డప్పు కూడా దేవిప్రియది కాదు. ఫోన్‌లో ఒక యాప్‌లో దొరికింది. మదురైలో ఉండే కుమారవేల్ అనే ఆయన వాయించి పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నా పేరు వేస్తే చాలు అని కింద రాశాడు.

దేవిప్రియ ఆ దరువు వేగం పెంచింది. ముక్కలు కోసి అతికించింది. దాని మీద అమ్మ పాటను తన గొంతుతో పాడింది. నాలుగు రోజులు పట్టింది. ఇంత కష్టం నేను పడితే ఇంకొకరి పేరెందుకు అనుకుంది. అమ్మ పాట ఏ పుస్తకంలోనూ లేదు కదా, ఎవరడుగుతారులే అని కూడా అనుకుంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. సెలవు దొరకలేదట. పక్క మిషన్ ఆమెకు జ్వరమట, ఆ పని కూడా అమ్మే చూడాలట. ఏడవకూడదనుకుంటూనే దేవిప్రియ ఏడ్చేసింది. నీ పాటైనా పంపు, ఇక్కడ అందరికీ వినిపిస్తానంది అమ్మ.

దేవిప్రియ వీడియో పంపింది. పంపాకే గుర్తొచ్చింది. చివర్లో పాట తనదేనని తన పేరు ఉంది కదా.

పావుగంటకు అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. ఇది నువ్వు రోజూ మిషన్ దగ్గర పాడే పాటే కదా, నీ సొంత పాటన్నావే అని ఒకామె తమిళంలో అడుగుతోంది.

అమ్మ మాత్రం, ఇది మా పాపదే, తన దగ్గరే నేను నేర్చుకున్నానని ఆమెకు చెప్పింది. ఆ పైన గొంతు తగ్గించి ఫోన్‌లో అంది.

"బాగా పాడినావు కన్నూ. నీదనే చెప్పినా. నీ ప్రైజు పోకూడదు గదా."

తిట్టినా బాగుండేది. ఆ హాస్టల్లో అమ్మకంటూ ఉన్నవి ఒక పెట్టె, ఒక చాప, ఈ పాట. ఆ పాటను కూడా దేవిప్రియ తీసేసుకుంది. అమ్మ ఇచ్చేసింది. ఆ రోజు అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టుకుని వినడానికి మనసు రాలేదు.

అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అవ్వ ఏమైందని అడిగింది. దేవిప్రియ దాచకుండా చెప్పేసింది. అవ్వ అంతా విని, కంచం ఆమె వైపు జరిపింది.

"నాకి చెప్తే ఏమొస్తాది? తిని, రేపు సారుకి చెప్పు."

ఆదివారం పొద్దున ఇసక్కిరాజా సార్ హాల్లో కుర్చీలు వేయిస్తున్నారు. దేవిప్రియ వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"సార్, పాట మా అమ్మది. డప్పు మదురై కుమారవేల్ గారిది. నేను పాడి, అతికించాను. అంతే."

అయితే సొంత పాట బహుమతి నీకు రాదమ్మా అన్నారు సార్. తెలుసన్నట్టు దేవిప్రియ తలూపింది. సార్ లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, పేర్లు నువ్వే సరిచెయ్యి, పాట మాత్రం వేద్దాం అన్నారు.

సాయంత్రం ఆ బహుమతి ఆరో తరగతి పిల్లాడికి వెళ్ళింది. వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకుని స్టేజీ ఎక్కుతుంటే దేవిప్రియ తల తిప్పుకుంది.

తర్వాత దేవిప్రియ పాడిన పాట వేశారు. అమ్మకు అది టీ విరామం. దేవిప్రియ వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను తెర వైపు ఎత్తి పట్టుకుంది. పాట అయిపోయి అక్షరాలు వచ్చాయి.

పాట: ముత్తుప్పేచ్చి
డప్పు: కుమారవేల్, మదురై
పాడి అతికించినది: దేవిప్రియ

ఫోన్‌లో ఆడవాళ్ళెవరో అమ్మ పేరు పైకి చదివారు. ఒకామె అమ్మ భుజం మీద చరిచింది. అమ్మ ఫోన్‌కు మరీ దగ్గరగా వచ్చేసింది. ఆమె ముఖంలో ఒక్క కన్నే కనిపిస్తోంది. అది తడిగా ఉంది.

"పాపా," అంది అమ్మ. "ఇంకొంచేపు అట్లనే పట్టుకో."

సార్ కూడా తెర మార్చలేదు. చేయి లాగుతున్నా దేవిప్రియ ఫోన్ దించలేదు.