మూల మంచం మీది గొంతు

నల్గొండల ఓ ప్రైవేటు దవాఖాన. పేరు అడగొద్దు. దాని ఐసీయూల మూల మంచం అంటె నర్సులకు హడల్. ఆ మంచం మీద ఇద్దరు పోయిన్రు. పోయేముందు రాత్రిపూట ఇద్దరూ మాట్లాడిన్రట... నోట్లె పైపు ఉండంగనే!

ఆ పైపు గొంతులకెల్లి ఊపిరి గొట్టంల దాక పోతది. అది ఉన్నన్ని దినాలు మనిషికి మాట రాదు. మరి మాట్లాడిందెవరు?

దయ్యమే అన్నరు.

ఈ ముచ్చట నాకు సుచరిత చెప్పింది. మేమిద్దరం ఒక్క రూంల కిరాయికుంటుంటిమి. చెప్తున్నంతసేపు నా మొఖం దిక్కు చూడలే.

అప్పటికి ఆమె నర్సుగ చేరి రెండు నెలలు. ఆ రాత్రి మూల మంచం మీద నకిరేకల్ దిక్కు ముసలాయన మారయ్య ఉన్నడు. నిమోనియా. పైపు గుంజుకోకుండ చేతులు మంచానికి కట్టిన్రు.

రెండు దాటినంక ఆయనకు ఊపిరిచ్చే మిషన్ కూసింది. సుచరిత బటన్ ఒత్తి బందు జేసింది. మళ్ల కూసింది... మళ్ల బందు జేసింది. ఊకెనే కూస్తదనుకున్నది.

అప్పుడు వినవడ్డది —

"బి...డ్డా..."

తిరిగి చూసింది. పైపు చుట్టూ మారయ్య పెదవులు కదుల్తున్నయ్. కండ్లు ఆమె మీదనే.

"బి...డ్డా..."

ఒక్కటే ఉరుకు. తలుపు బార్లా తెరిచి వరండాల వడ్డది. అక్కడ చాప మీద మారయ్య భార్య ఈదమ్మ కూసొని ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"అవ్వా... లోపట... దయ్యం..."

లోపటికెల్లి మళ్ల అదే గొంతు. ఈదమ్మ చెవి వెట్టి విన్నది. దిగ్గున లేచింది.

"దయ్యమేంది! గది మా ఆయన గొంతు!"

ఎవల్నీ అడగకుండ లోపటికి ఉరికింది. ఆమె కేకకు డ్యూటీ డాక్టర్ ఫహీం లేచొచ్చిండు. పైపుకు బయట వేలాడే చిన్న బుగ్గను వేళ్లతోటి ఒత్తి చూసిండు — గాలి లేక సప్పవడి ఉంది.

గొంతు లోపట గూడ పైపు చుట్టూ అసొంటి గాలి బుగ్గే ఉంటదట. బయటిది సప్పవడ్డదంటె లోపటిది గూడ కారినట్టే. అది కారిపోతె మిషన్ ఇచ్చే గాలి లోపటికి పోక నోట్లెకెల్లి బయటికొస్తది. దాంతోపాటె గొంతు గూడ...

అప్పటికప్పుడు పైపు మార్చిన్రు. మారయ్య బతికిండు.

తెల్లారినంక ఫహీం నర్సులందరిని నిలవెట్టి మెల్లగ అడిగిండు. "ముందటి ఇద్దరు గూడ మాట్లాడిన్రంటిరి. అప్పుడు ఎవలన్న బుగ్గ చూసిన్రా?"

ఎవ్వరూ చూడలేదట.

ఐదో రోజు మారయ్యకు పైపు తీసిన్రు. సుచరిత మంచం కాడ తల దించుకొని నిలవడ్డది. ఆయన గొంతు బొంగురువోయింది. కోపం లేదు. తెలుసుకుందామన్నట్టు అడిగిండు —

"నిన్నే పిలిచిన కద బిడ్డా... ఎందుకు ఉరికినవ్?"