హలీనా గారింటికి చామంతులు

ఆదివారం ఉదయం రజిని కట్టుకున్న చీర విప్పేసి ఇంకోటి కట్టుకుంది. పట్టుచీర అయితే అప్పుడే ఒప్పేసుకున్నట్టు ఉంటుంది, నేతచీర అయితే మొక్కుబడిగా వచ్చినట్టు ఉంటుంది. ఎడిసన్‌లో ఇన్నేళ్ళుగా ఎందరి ఇళ్ళకో వెళ్ళింది గానీ, కూతురు నీహారిక మనసుపడ్డ పోలండ్ అబ్బాయి ఇంటికి ఏం కట్టుకుని వెళ్ళాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అబ్బాయి పేరు టోమెక్. నీహారికా అతనూ ఒకే ఆఫీసు. అమ్మానాన్నలు విడిపోయి చెరో రాష్ట్రానికి వెళ్ళిపోతే, లిండెన్‌లో ఉండే నాన్నమ్మ హలీనా అతన్ని పెంచింది. నీహారిక తండ్రి మోహన్ ఒకసారి మాట్లాడి, కుర్రాడు బుద్ధిమంతుడని తేల్చేశాడు. రజిని అంత తేలిగ్గా తేలే మనిషి కాదు.

"పెంచినావిడ్ని చూసి చెప్తాను. ఆవిడ మన పిల్లని మనసారా రానిస్తే సరే. లేదంటే ఈ మాట అక్కడితో ఆపెయ్యాలి," అని కూతురికి ముందే చెప్పింది. నీహారిక సరేనంది గానీ, అప్పట్నుంచీ ఆ పిల్లకి అన్నం సయించడం లేదు. ఇవాళ హలీనాకి వంటలో సాయం చేస్తానని పొద్దున్నే తన కారేసుకుని వెళ్ళిపోయింది.

దారిలో రజిని కారు ఆపించింది. "ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తామండీ?"

అక్టోబర్ నెలాఖరు. దుకాణం ముందు కుండీల్లో పసుపు చామంతులు విరగబూసి ఉన్నాయి. ఆ పసుపు చూడగానే రజినికి ప్రాణం లేచొచ్చింది. అన్నిట్లోకీ నిండైన కుండీ ఏరి, లిండెన్ దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

హలీనాయే తలుపు తీసింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నడుముకి పిండి అంటిన ఏప్రన్. నవ్వుతూ చేతులు చాచింది. రజిని కూడా నవ్వి కుండీని ఆ చేతుల్లో పెట్టింది.

హలీనా పూలవంక చూసింది. నవ్వు మాయమైంది. తన భాషలో ఏదో గొణిగి, కుండీని గుమ్మం బయట కింద పెట్టి, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"చూశారా? చేతికిచ్చిన పూలు గుమ్మం బయట పెట్టింది!" రజిని మొహం ఎర్రబడింది.

"బరువనిపించిందేమో లేవే," అన్నాడు మోహన్.

"మీరు ఊరుకోండి!"

నీహారిక పిండి చేతుల్తో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, వాట్ హ్యాపెన్డ్? బాబ్చా ఏడుస్తోంది." పోలిష్‌లో బామ్మని బాబ్చా అంటారు. టోమెక్‌తో పాటు తనూ అలాగే పిలవడం అలవాటు చేసుకుంది.

"నేనేం చేశానే? పూలు తెచ్చాను. చూసి చెప్తానన్నాను కదా, చూశాను. ఇక పద."

"నేను రాను."

"నీహా!"

"రాను అమ్మా. నువ్వు టెస్ట్ పెట్టావ్. టెస్ట్ అని బాబ్చాకి తెలీదు కూడా. ఎందుకలా చేశారు అని ఒక్కసారి అడగొచ్చు కదా? అడక్కుండా ఫెయిల్ చేసేశావ్."

కూతురు ఎన్నడూ ఇలా ఎదురు తిరగలేదు. నీహారిక వెనకే వచ్చి నిలబడ్డ టోమెక్‌కి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు.

"ఆంటీ, తప్పు నాది. ముందే చెప్పాల్సింది. మా వాళ్ళు చామంతులు సమాధుల మీద పెడతారు. బతికున్న మనిషి చేతికి ఎవరూ ఇవ్వరు. ఇంట్లోకి కూడా తేరు."

రజినికి అప్పుడర్థమైంది. సంబంధం చూడ్డానికి వచ్చి, ముసలావిడ చేతుల్లో సమాధి పూలు పెట్టింది తను. చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి నడిచింది.

హలీనా బల్ల దగ్గర కూర్చుని పిండి బిళ్ళల్లో ఆలుగడ్డ ముద్ద పెట్టి అంచులు నొక్కుతోంది. మధ్యమధ్య మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటోంది. రజిని సారీ చెప్పి పక్కన కూర్చుంది. ఇంకేం చెప్పాలో తెలియక ఒక బిళ్ళ అందుకుని, ముద్ద పెట్టి, అలవాటు కొద్దీ కజ్జికాయ అంచు మడిచినట్టు మడతమీద మడత వేసింది. హలీనా దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, పళ్ళెంలో తనవాటి పక్కన పెట్టింది.

"కోపం కాదు," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. ఆపైన తన భాషలో మొదలుపెట్టింది. టోమెక్ ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు.

వాళ్ళది ఒకే వీధి ఉన్న ఊరు. ఇళ్ళ వెనక సన్నటి పొలాలు, కొట్టాల కప్పుల మీద కొంగల గూళ్ళు. ఏటా ఈ నెలలో ఊరంతా ఆలుగడ్డలు తవ్వేవారట. ఎండిన మొక్కలు పోగేసి మంటపెట్టి, ఆ బూడిదలోనే దుంపలు కాల్చుకు తినేవారట. చలికాలం ఆడవాళ్ళు ఒకరింట్లో చేరి, కబుర్లు చెప్పుకుంటూ బాతు ఈకలు చీల్చి దిండ్లు నింపేవారట. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంటి దిండ్లే ముందు నింపేవారట. ఊరబెట్టడానికి క్యాబేజీ పీపాలో వేసి, పిల్లల కాళ్ళు కడిగి తొక్కించేవారట.

"ఆ ఊరగాయ నాకు మాత్రం వడ్డించకండి," అని మోహన్ తెలుగులో అంటే, రజిని కళ్ళతోనే కసిరింది.

హలీనా చిన్నపిల్లగా ఉండగానే యుద్ధం వచ్చింది. సైనికులు ఊరు తగలబెట్టారు. మిగిలినవాళ్ళు ఆ చలికాలమంతా పొలాల్లో ఆలుగడ్డలు దాచుకునే గుంటల్లో బతికారు. వాళ్ళమ్మ జ్వరంతో అక్కడే పోయింది. ఏటా నవంబర్ ఒకటిన ఊరంతా సమాధులకి చామంతులు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాలి. కాలిపోయిన ఊళ్ళో పూలెక్కడివి? పిల్లలు కాగితంతో పూలు చేసి, మైనంలో ముంచి పెట్టారు.

"తర్వాత్తర్వాత ఊళ్ళోనే ఉన్న తమ్ముడు పెట్టేవాడు. మొన్న వేసవిలో వాడూ పోయాడు," అంది హలీనా. "ఈ ఏడు మా అమ్మకి ఎవరు పెడతారా అని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. తలుపు తీస్తే నువ్వు ఆ పూలతో నిలబడి ఉన్నావు."

రజినికి దుఃఖం ఆగలేదు. హలీనా చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులకీ పిండే.

"అంత దూరం వెళ్ళలేనివాళ్ళు ఏం చేస్తారు బాబూ?" అని టోమెక్‌ని అడిగింది చివరికి.

"ఇక్కడి శ్మశానంలో పెద్ద శిలువ ఉంది. దూరాన ఉన్న సమాధుల కోసం దాని ముందు పెడతారు. మోకాళ్ళ నొప్పులకి బాబ్చా ఎప్పుడూ వెళ్ళలేదు."

రజిని తలూపింది. ఇవే చామంతులు తమ ఊళ్ళో పెళ్ళి పందిరికి కడతారని చెప్పింది. టోమెక్ అది పోలిష్‌లో చెప్పగానే, హలీనా "పెళ్ళికా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళతోనే నవ్వేసింది.

భోజనాలయ్యాక గుమ్మం దిగుతూ రజిని వంగి, కుండీని ఈదురుగాలి తగలకుండా గోడవారకి జరిపింది. నీహారిక తలుపు పట్టుకుని నిలబడింది, అడగాలనీ అడగలేకా.

"టోమెక్‌ని రోజూ దీనికి నీళ్ళు పొయ్యమను. నవంబర్ ఒకటి దాకా వాడిపోకూడదు," అంది రజిని. "ఆ రోజు లీవ్ పెట్టి వస్తాను. మా వియ్యపురాలు వాళ్ళమ్మకి పూలు పెట్టుకోవాలి. చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తాను."

నీహారికకి తెలుగు అంతంతమాత్రం. "నాన్నా, వియ్యపురాలు అంటే?"

"అంటే మా అల్లుడి తరఫు పెద్దావిడ అని," అన్నాడు మోహన్, కారు తాళాలు వెతుక్కుంటూ.

ఆ పిల్ల వచ్చి తల్లిని కరుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రజిని కూతురి వీపు నిమురుతూ, ఇంకాస్త అన్నం తినవే, చిక్కిపోయావు అంది.